యార్క్‌లో పచ్చిపులుసు అన్నం

యార్క్ బస్సు ఎక్కిన ఆ శనివారం పొద్దున నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అందులో వింతేమీ లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని హాస్టలు మొత్తానికి తెలుసు. లీడ్స్‌లోని ఒక ఆసుపత్రిలో మేమంతా నర్సు ట్రైనింగులో ఉన్నాం. సెలవు దొరికిన పిల్లలందరినీ వార్డెనమ్మ ఒక బస్సులో ఎక్కించి, పాత కోటగోడల ఊరు చూపించి సాయంత్రానికల్లా వెనక్కి తెస్తానంది. ఐర్లండ్ పిల్లలు, జమైకా పిల్లలు, మలయాళీలు ఉన్నారు. తెలుగువాళ్లం ముగ్గురమే. అరవై తొమ్మిది మార్చి, ఇంకా చలి తగ్గలేదు.

ముగ్గురిలో పెద్దది తెనాలి వైపు ఆమె. మాకన్నా ముందు బ్యాచి కాబట్టి అందరం అక్క అనే పిలిచేవాళ్లం. చిన్నది సూర్యాపేట దగ్గర పల్లె పిల్ల. అది కొత్తగా వచ్చింది, రాత్రుళ్లు ఇల్లు గుర్తొస్తే నా మంచంలోకి దూరేది. నేను దిల్‌సుఖ్‌నగర్ దాన్ని. దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్‌ని ఊహించుకోకండి. విజయవాడ రోడ్డుకి రెండు వైపులా కొన్ని ఇళ్లు, ఇటుకబట్టీ, లారీలు ఆగే చాయ్ హోటలు. ఇవాళ ఎల్బీనగర్‌లో వంతెనల మీద వంతెనలు లేచిన చోట అప్పుడు జొన్నచేలు, ద్రాక్షతోటలు. మా నాన్న నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి అక్కడ మేస్త్రీ పని చేసేవాడు. అమ్మ ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది నేను. వాడి చేత అక్షరాలు దిద్దించింది నేను, వాడి వీపు మీద వాయించిందీ నేనే.

ఆ తమ్ముడి కబురు లేక అప్పటికి చాలా రోజులైంది. సంక్రాంతి సెలవుల తర్వాత కాలేజీ మళ్లీ తెరవలేదని, తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్డెక్కారని వాడే రాశాడు. కోస్తా నుంచి వచ్చే లారీలను మన చాయ్ హోటలు దగ్గరే ఆపుతున్నామని, పోలీసులొస్తే ద్రాక్షతోటల్లోంచి తప్పించుకుంటున్నామని ఏదో ఆటలో గెలిచినట్టు రాశాడు. ఆ తర్వాత ఉత్తరం లేదు. ఇంగ్లండు పేపర్లలో హైదరాబాదు గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. వాళ్ల రాణిగారి కుక్కలకి జలుబు చేస్తే మాత్రం బొమ్మతో సహా వేసేవాళ్లు. ఒక మలయాళీ పిల్లకి వాళ్ల నాన్న పంపిన మద్రాసు పేపర్లో కాల్పులు జరిగాయని, పిల్లలు చనిపోయారని ఉంది. పేర్లు లేవు. ఆ కాగితాన్ని నేను వార్డులో మందుల ట్రే కింద పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో.

అప్పుడే ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాను. ఎలాగూ ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు. కానీ నేనున్నది అందుకోసం కాదు. చిన్నప్పుడు వాడికి విషజ్వరం వచ్చి దవాఖానవాళ్లు చేతులెత్తేస్తే అమ్మ ఉపవాసం పట్టింది, వాడు లేచాడు. అమ్మ వల్ల అయింది నా వల్ల ఎందుకు కాదని నేనూ దేవుడితో బేరం పెట్టుకున్నాను. పగలంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను, చీకటి పడ్డాక రెండు రొట్టెముక్కలు తింటాను, వాణ్ని మాత్రం కాపాడు అన్నాను. వాడి ఉత్తరం చేతికి వచ్చేదాకా అంతే. పగలు ఒక్క మెతుకు తిన్నా అక్కడ వాడికి ఏదో అవుతుందని నాకు గట్టి నమ్మకం. డ్యూటీలో కళ్లు తిరిగేవి. తిరిగితే తిరగనీ అనుకునేదాన్ని.

అక్కతో మాటలు ఆగిపోయింది కూడా ఈ తెలంగాణ గొడవ వల్లే. అక్క వాళ్ల బాబాయి హైదరాబాదులో సర్కారు ఆఫీసులో గుమాస్తా. మా ఇంటికి రెండు గల్లీల అవతల ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి పునాది తీసింది మా నాన్నే. ఫిబ్రవరిలో ఆ ఇంటి మీద రాళ్లు పడ్డాయి, గేటుకున్న పేరు పలక మీద తారు పూశారు. అక్క ఆ సంగతి వంటగదిలో కూర తిప్పుతూ చెప్పింది.

"మీవాళ్లు మా బాబాయ్ ఇంటి అద్దాలు పగలగొట్టారంట. పిన్ని పిల్లల్ని తీసుకుని మంచం కింద దూరిందంట."

"మావోళ్ల నౌకర్లు గుంజుకున్ననాడు మీ బాబాయికి గిదంతా యాదికి రాలేదా?" అన్నాను.

"ఆయన ఎవరి ఉద్యోగం లాక్కున్నాడే? పరీక్ష రాసి తెచ్చుకున్నాడు."

"మా తమ్ముడు గూడ రాస్తడు పరీక్ష. రాయనిస్తే గద."

అంతే. అప్పటిదాకా ముగ్గురం ఒకే గిన్నెలో వండుకునేవాళ్లం. ఆ రోజు నుంచి నా గిన్నె వేరు పెట్టుకున్నాను. ఆ రాళ్లు వేసిన చేతుల్లో మా వాడి చేతులు కూడా ఉండొచ్చని నాకు లోపల తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా గట్టిగా అరిచాను.

ఇక ఆ శనివారం. బస్సు కదలకముందే అక్క పెద్ద టిఫిను క్యారియరు పట్టుకుని వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. ఇన్నాళ్ల తర్వాత మొదటి మాట ఏమంటుందా అని చూశాను.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"ఉపాసం" అన్నాను, కిటికీలోకి చూస్తూ.

"తెలుసులే. ఒక్కరోజు ఆపితే దేవుడేమీ అనుకోడు."

దేవుడి తరఫున మాట్లాడ్డానికి ఈవిడెవరనిపించింది. వెనక సీట్లోంచి సూర్యాపేట పిల్ల ముందుకి వంగి, "రొండు బిస్కట్లన్న తిను అక్కా" అంది. దాని కళ్లు వాచి ఉన్నాయి. ఇల్లు గుర్తొచ్చి ఏడ్చిందనుకున్నాను.

దారిలో టీ కోసం బస్సు ఆగింది. వార్డెనమ్మ తనే స్వయంగా ఒక బన్ను, టీ కప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడ మామూలుగా మా గదుల్లో ఇంగువ వాసన వస్తే ముక్కు మూసుకుని కిటికీలు తెరిపించే మనిషి. అలాంటిది భుజం మీద చెయ్యేసి, తినమ్మా, ఒంట్లో బలం ఉండాలి అంది. అందరూ కూడబలుక్కుని నా ఉపవాసం మీద పడ్డారేమిటని ఒళ్లు మండింది. బన్ను తీసుకెళ్లి ఒక జమైకా పిల్లకి ఇచ్చేశాను. అక్క చూస్తూనే ఉంది.

యార్క్ గోడల మీద గాలి చెవులు కోసేస్తోంది. ఊరి చుట్టూ రాతిగోడ, దాని మీద మనిషి నడిచే దారి, కింద వాలు మీద పసుపుపచ్చ పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఐర్లండ్ పిల్లలు పాటలు పాడుతూ ముందు పోయారు. మేం ముగ్గురం వెనక పడ్డాం. నేను నడుస్తుంటే అక్క ఒక పక్క, చిన్నది ఒక పక్క. ఎప్పుడు ఆగినా ఆగుతారు, ఎప్పుడు కదిలినా కదులుతారు. బాత్రూముకి వెళ్తే తలుపు బయట నిలబడ్డారు. కళ్లు తిరిగి పడతానని భయమనుకున్నాను. కాస్త చిరాకు వేసింది, కాస్త బాగానే అనిపించింది కూడా. అలిగిన మనిషి చుట్టూ ఎవరైనా తిరిగితే ఎవరికి బాగుండదు.

అక్కడి పెద్ద చర్చిలోకి వెళ్లాం. లోపల మరమ్మతులు జరుగుతున్నాయి, ఇనుప గొట్టాలు, పలకలు, దుమ్ము. అంత ఎత్తు కప్పు కింద మా దిల్‌సుఖ్‌నగర్ మొత్తాన్ని కూర్చోబెట్టొచ్చు. మా చర్చి రేకుల షెడ్డు, వానొస్తే పాస్టరుగారి మాట వినపడేది కాదు. నేనొక బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. తమ్ముణ్ణి కాపాడు ప్రభువా, వాడు మొండివాడు, వాడికి ఎండలో తలనొప్పి వస్తుంది, వాణ్ని పోలీసుల చేతికి చిక్కనివ్వకు, వాణ్ని ఇంట్లో కూర్చోబెట్టు అని ఒక్కొక్కటే అడిగాను. కళ్లు తెరిచేసరికి పక్కన అక్క మోకాళ్ల మీద ఉంది. ముందు బల్లకి నుదురు ఆనించి ఏడుస్తోంది. వాళ్ల బాబాయి కోసం ఏడుస్తోందనుకున్నాను. నా కోపం కొంచెం మెత్తబడింది. పాపం ఆవిడ వాళ్లూ అక్కడే ఉన్నారు కదా అనిపించింది.

మెత్తబడ్డది ఎంతోసేపు నిలవలేదు. తర్వాత ఒక గుట్ట మీదున్న రాతి బురుజు చూపించారు. తలమీద టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన కథ చెప్పాడు. ఎన్నో వందల ఏళ్ల కింద ఈ ఊళ్లోని యూదులు ప్రాణభయంతో పిల్లాజెల్లాతో ఈ బురుజులో దాక్కున్నారట. కింద మూగింది పరాయి సైన్యం కాదు, ఊరివాళ్లే, వాళ్ల దగ్గర సరుకు కొన్నవాళ్లు, వీధిలో పలకరించుకున్నవాళ్లే. బయటికొస్తే చంపుతారని లోపలివాళ్లు తమవాళ్లను తామే చంపుకున్నారట. ముసలాయన వాతావరణం చెప్పినంత తాపీగా చెప్పాడు. నేను అక్క వైపు చూశాను. అక్క నేల చూస్తోంది.

"ఏంది, నాకు చెప్తున్నవా?" అన్నాను.

"నేనేమన్నానే?"

"ఏమనకుంటనే అంటున్నవు. మా పోరగాండ్లు సుత మీ బాబాయిని గిట్లనే జేస్తరని గద నీ మనసుల."

"కాదు" అంది అక్క. "ఒట్టు, నేనసలు బాబాయ్ గురించే అనుకోటంలా."

సూర్యాపేట పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "కొట్లాట ఒద్దక్కా. కిందికి పోదాం. జరంత అన్నం తిందువు."

"నీగ్గూడ ఏమొచ్చిందే? పొద్దటి సంది తిను తిను అని పానం తీస్తున్నరు. నువ్వు మాదిక్కు పిల్లవేనా?" దాని మొహం ముడుచుకుపోయింది. నాకు జాలి కలగలేదు. అక్క వైపు తిరిగి, "నీ తమ్ముడే గక్కడుంటే నువ్వు తింటుండెనా?" అన్నాను.

ఎంత కోపంలోనూ నాకు ఎదురు జవాబు చెప్పకుండా ఊరుకున్న మనిషి కాదు అక్క. ఆ రోజు క్యారియరు అందుకుని ముందుగా గుట్ట దిగింది.

సాయంత్రం బస్సుకి ఇంకా కాస్త సమయం ఉంది. నది ఒడ్డున ఒక బెంచీ దొరికింది. మిగతావాళ్లు సందుల్లో కొట్లు చూడ్డానికి పోయారు. వార్డెనమ్మ మాత్రం పోలేదు, కాస్త దూరంలో ఇంకో బెంచీ మీద కూర్చుని ఎటో చూస్తోంది. అక్క నా ఎదురుగా కింద గడ్డి మీద కూర్చుని క్యారియరు విప్పింది. పైగిన్నెలో అన్నం. కింద గిన్నె మూత తీయగానే వాసన తగిలింది. పచ్చిపులుసు.

అక్కకి పచ్చిపులుసంటే వేళాకోళం. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ ముక్కలు ఈదితే అదొక కూరా, మీ వైపు పొయ్యి వెలిగించడానికి బద్ధకమా అని నన్ను ఏడిపించేది. అలాంటి మనిషి తెల్లవారకముందే లేచి చింతపండు పిసికి, నువ్వులు వేయించి పొడి కొట్టి, ఎండుమిరపకాయ కాల్చి వేసి, నాకోసం పచ్చిపులుసు చేసింది. రాజీకి వచ్చిందనుకున్నాను. మాటతో చెప్పలేక గిన్నెతో చెబుతోందనుకున్నాను.

"చీకటి పడలేదు అక్కా" అన్నాను. మాటలు ఆగాక అక్కా అని పిలవడం అదే మొదలు.

"చూడు, నీ ఉపవాసం నేను తీసుకుంటా. నిన్న రాత్రి నుంచి నేనేం తినలా. ఇయ్యాళంతా తినను, రేపూ తినను. ప్రార్థన నేను చేస్తా. నువ్వు మాత్రం నాలుగు ముద్దలు తిను తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే నా పాదం మీద చెయ్యి వేసింది. వయసులో పెద్దది. నాకు సిగ్గేసి కాళ్లు వెనక్కి లాక్కున్నాను. ఇంకొకరు మోస్తానంటే ఉపవాసం దించుకోవచ్చో లేదో నాకు తెలియదు. ఆకలి మాత్రం తెలుసు. గిన్నె ఒళ్లో పెట్టుకుని కలుపుకున్నాను. అన్నం చల్లబడి గట్టిపడింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పులుపుకి కళ్లలో నీళ్లొచ్చాయి. అచ్చం అమ్మ చేసినట్టే ఉంది. ఆ మాట చెబుదామని తలెత్తాను.

ఇద్దరూ నా మొహం చూడ్డం లేదు. నా చెయ్యి చూస్తున్నారు. చెయ్యి గిన్నెలోకి వెళ్లడం, నోటి దాకా రావడం చూస్తున్నారు. అక్క ఒక చేత్తో మంచినీళ్ల సీసా మూత తీసి పట్టుకుని ఉంది. సూర్యాపేట పిల్ల ఎప్పుడు లేచిందో, బెంచీ వెనక్కి వచ్చి నా వీపుకి ఆనుకుని నిలబడింది. పడిపోయే మనిషిని పట్టుకోవాలంటే ఎక్కడ నిలబడాలో మాకు ట్రైనింగులో నేర్పిన చోట నిలబడింది.

మా వైపు చావుకబురు తెచ్చిన మనిషి వాకిట్లోకి వస్తూనే చెప్పడు. అరుగు మీద కూర్చుంటాడు. మంచినీళ్లు తాగుతాడు. అన్నాలు తిన్నరా అని అడుగుతాడు. తినలేదంటే వానల గురించి, గొడ్ల గురించి ఏదో మాట్లాడుతూ ఆ ఇంట్లో అందరూ తిని చేతులు కడుక్కునేదాకా కూర్చుంటాడు. చెప్పాక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, ఎవరి గొంతులోంచీ మెతుకు దిగదు. ఏడవాలన్నా ఒంట్లో ఇంత సత్తువ ఉండాలి. అందుకని ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి ఆ మాట చెప్పరు. తెనాలి వైపు కూడా ఇదే పద్ధతని నాకు ఆ బెంచీ మీదే తెలిసింది. వాళ్లు పొద్దుటి నుంచి నన్ను బతిమాలుతున్నారు. నేనేమో వాడు బాగుండాలని నోరు కట్టుకుని కూర్చున్నాను.

నాన్నేమో, అమ్మేమో అని మనసు పక్కకి తప్పుకోవడానికి చూసింది. సిగ్గులేని ఆలోచన. కానీ వాళ్లకి ఏదైనా అయితే కబురు చేసేవాడు తమ్ముడే, వాడికి ఇంగ్లీషు వచ్చు, నేరుగా నాకే తంతి ఇస్తాడు. ఈ కబురు అక్కకి వచ్చింది, నిన్న రాత్రి నేను పడుకున్నాకే వచ్చి ఉండాలి. అక్కకి వచ్చిందంటే వాళ్ల బాబాయి నుంచే వచ్చి ఉండాలి. అంటే మా నాన్న ఆ ఇంటికి వెళ్లాడు. తాను పునాది తీసిన ఇంటికి, తన కొడుకు వయసు పిల్లలు తారు పూసిన గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఇంగ్లీషు రాసిపెట్టేవాళ్లు ఆయనకి ఇంకెవరూ లేరు. పగిలిన అద్దాల వెనక ఉన్న ఆ గుమాస్తా బయటికి వచ్చి నాన్నని లోపలికి పిలిచి ఉంటాడు, పిల్లకి తిండి తిన్నాకే చెప్పించండి అని నాన్నే అడిగి ఉంటాడు. ఆ సాయం చేసిన ఇంటిని నేను వంటగదిలో నిలబడి ఎన్ని మాటలన్నానో అక్కకి గుర్తుండే ఉంటుంది. వాణ్ని అప్పటికే మట్టిలో పెట్టేసి ఉంటారు. ఎండకాలం మొదలైంది, అక్కడ ఎవరూ ఆగరు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అడిగితే చెబుతారు. గిన్నె కింద పెడితే చెబుతారు. తింటున్నంతసేపు మాత్రం చెప్పరు. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. మింగాను. ఇంకొకటి కలుపుకున్నాను.

"ఇంకింత పెట్టు" అన్నాను.

అక్క పెట్టింది. పులుసు పోసింది. నా వెనక చిన్నది ముక్కు ఎగబీల్చింది, అక్క తలెత్తి దాన్ని కళ్లతోనే గద్దించింది. నేను మెల్లగా తిన్నాను. ఉల్లిపాయ ముక్క ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాను. నదిలో ఒక పడవ పోయింది. దూరంగా వార్డెనమ్మ చేతిగడియారం చూసుకుని, మమ్మల్ని చూసి, మళ్లీ తల తిప్పుకుంది.

"ఇంకింత."

అక్క ఈసారి నా మొహంలోకి చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకి తెలిసింది. అడుగున ఉన్నదంతా ఊడ్చి నా గిన్నెలో వేసింది. చిన్నదానికి తెచ్చిందీ అందులోనే ఉంది. కడుపు నిండిపోయి నొప్పి పుడుతోంది. ఐనా తిన్నాను. పులుసు చుక్క లేకుండా వంచుకుని తాగాను. గిన్నె అంచుకి అంటుకున్న మెతుకులు వేలితో తీశాను.

ఇక మిగల్లేదు. అక్క సీసా వంచి నా చేతి మీద నీళ్లు పోసింది. తన చీరకొంగుతో వేళ్లు ఒక్కొక్కటీ తుడిచింది. తుడిచాక కూడా చెయ్యి వదల్లేదు.

"ఇగ చెప్పు అక్కా" అన్నాను.